చెరువు గడ్డకడితేనే ఆట: లద్దాఖ్ బాలల ఐస్ హాకీని నడిపిస్తున్న ఊరి సంఘాలు

డిసెంబరు మధ్యనాటికి లద్దాఖ్‌లో బడులు మూతపడతాయి. ఫిబ్రవరి చివరి వరకు తెరుచుకోవు. తెలుగు రాష్ట్రాల పిల్లలకు వేసవి సెలవులు ఎలాగో, సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పిల్లలకు ఈ చలి సెలవులు అలాగ. రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు 20 డిగ్రీల దిగువకు సైతం పడిపోయే ఆ రోజుల్లోనే అక్కడి చెరువులు, ఊరి పక్క పొలాలు ఆటస్థలాలవుతాయి. ఆడే ఆట ఐస్ హాకీ.

ఈ ఆట గురించి మిగతా దేశం వినేది ఏడాదికి ఒకటి రెండు సార్లే. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో 2025లో జరిగిన మహిళల ఆసియా కప్‌లో భారత జట్టు కాంస్య పతకం గెలిచినప్పుడు కొంత చర్చ జరిగింది. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలకు లేహ్ ఆతిథ్యం ఇచ్చిన ప్రతిసారీ కొన్ని ఛాయాచిత్రాలు పత్రికల్లో కనిపిస్తాయి. భారత జట్లలో, పురుషులదైనా మహిళలదైనా, అత్యధికులు లద్దాఖ్ వారే. 2011 జనగణన ప్రకారం ఆ ప్రాంత జనాభా 2.74 లక్షలు మాత్రమే. అప్పటి వరంగల్ నగర జనాభాలో అది సగం కూడా కాదు. అంత చిన్న ప్రాంతం ఒక దేశానికి సరిపడా క్రీడాకారులను ఎలా తయారుచేస్తోందన్నది సహజంగా కలిగే ప్రశ్న. చలి ఒక్కటే కారణమైతే హిమాలయాల్లో చలి ఉన్న ప్రతి లోయా జట్లను పంపేది. చలితోపాటు ఆ గడ్డను తయారుచేసి, శుభ్రపరచి, ఎవరు ఎప్పుడు ఆడాలో నిర్ణయించి, పిల్లవాడి కాలికి సరిపడే స్కేట్ వెతికిపెట్టే మనుషులు ఉండాలి. లద్దాఖ్‌లో ఆ పని చేసేవి ప్రధానంగా స్థానిక క్లబ్బులు, గ్రామ యువజన సంఘాలు, ఊరి పెద్దలు. వాటికి దన్నుగా సైన్యం, పారామిలటరీ దళాలు నిలిచాయి.

మంచు వేరు, గడ్డ వేరు

తెలుగులో ‘మంచు’ అన్న మాట చాలా బరువు మోస్తుంది. తెల్లవారుజామున గడ్డిపోచపై నిలిచేదీ మంచే, పొగలా కమ్మేదీ మంచే, కొండలపై కురిసేదీ మంచే. అందువల్ల ఐస్ హాకీని ‘మంచు హాకీ’ అన్నప్పుడు కురిసిన మంచుపై ఆడే ఆట అన్న భావన కలుగుతుంది. వాస్తవానికి కురిసే మంచు ఈ ఆటకు శత్రువు. గడ్డపై మంచు పడితే దాన్ని ఊడ్చి పారేయాలి. ఆటకు కావలసింది నీరు గట్టిపడి ఏర్పడిన నునుపైన పలక. లద్దాఖ్ ఇక్కడే అదృష్టవంతురాలు. వానలు, హిమపాతం కలిపినా లేహ్‌లో ఏడాదికి కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లే. అది చల్లని ఎడారి. చలి తీవ్రం, ఆకాశం నిర్మలం, గడ్డపై పడే మంచు స్వల్పం.

ఆట నియమాలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఒక్కో జట్టు తరఫున ఒకేసారి గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. బంతికి బదులు ‘పక్’ అనే రబ్బరు బిళ్ల ఉంటుంది. దాని మందం రెండున్నర సెంటీమీటర్లు, వ్యాసం ఏడున్నర సెంటీమీటర్లు దాటుతుంది, బరువు సుమారు 160 గ్రాములు. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. ఆటగాళ్లు నిమిషం తిరగకముందే మారిపోతూ ఉంటారు, ఎందుకంటే ఆ వేగంతో అంతకంటే ఎక్కువసేపు స్కేటింగ్ చేయడం కష్టం. లేహ్ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. మైదాన ప్రాంతాల నుంచి వెళ్లిన జట్లు అక్కడ మొదటి రోజుల్లో ఊపిరి అందక ఇబ్బందిపడటంలో ఆశ్చర్యం లేదు.

అంతర్జాతీయ ప్రమాణాల రింక్, అంటే ఆటకు తీర్చిన గడ్డ మైదానం, 60 మీటర్ల పొడవు, 30 మీటర్ల వరకు వెడల్పు ఉంటుంది. ఆ విస్తీర్ణంలో ఒక సెంటీమీటరు మందాన గడ్డ కట్టాలంటే సుమారు 16,500 లీటర్ల నీరు కావాలి. వేసవిలో హైదరాబాద్ కాలనీలకు వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్ల లెక్కన చూస్తే మూడుకు పైనే. పది సెంటీమీటర్లకు లక్షా అరవై అయిదు వేల లీటర్లు. కొళాయిలు, గొట్టాలు గడ్డకట్టుకుపోయే కాలంలో, నీరు అపురూపమైన ఎడారిలో, ఇంత నీటిని సరైన రాత్రి సరైన చోటికి తేవడమే అసలు పని.

గడ్డను పండించే పద్ధతి

సహజమైన రింక్‌ను తయారుచేయడం వ్యవసాయాన్ని పోలి ఉంటుంది. ముందు నేలను చదును చేయాలి. చుట్టూ గట్టు వేయాలి. సూర్యుడు కొండ చాటుకు వెళ్లాక కాలువ నుంచి నీటిని పలుచగా వదలాలి. ఒకేసారి ఎక్కువ నీరు పెడితే పైపొర గట్టిపడి కింద నీరు నిలిచిపోతుంది, కాలు మోపితే విరుగుతుంది. అందుకే ఒక పొర గడ్డకట్టాక మరో పొర, దానిపై ఇంకొకటి. మొదటి పొర నేలను మూసేస్తే తర్వాతి పొరల నీరు ఇంకిపోదు. పగలు ఎండ, రాత్రి గడ్డకట్టించే చలి కలిసి గడ్డను సాగదీసి, కుదించి పగుళ్లు తెస్తాయి. వాటిని తడి మంచుతో పూడ్చి పైన నీరు చల్లాలి. చుట్టూ ఉన్న బోడికొండల నుంచి దుమ్ము వచ్చి పడుతుంది. ముదురు రంగు దుమ్ము ఎండను పీల్చుకుని గడ్డను కరిగిస్తుంది కనుక ఊడ్చడం కూడా ప్రతిరోజూ చేయవలసిన పనే. పెద్ద స్టేడియాల్లో యంత్రం వేడినీటితో గడ్డను నునుపు చేస్తుంది. ఆ పనిని ఊళ్లలో చీపుళ్లు, బకెట్లు, గొట్టాలు చేస్తాయి.

ఈ పనంతా రాత్రివేళ, ఎముకలు కొరికే చలిలో జరుగుతుంది. అందుకు పెద్ద పిల్లలు, కళాశాల విద్యార్థులు, వారి అన్నలు వంతులవారీగా వస్తారు. ఇక్కడ లద్దాఖ్ సమాజానికి ఉన్న పాత అలవాటు ఒకటి అక్కరకు వస్తోంది. కొండ మీది హిమనదాల నుంచి కాలువల ద్వారా వచ్చే నీటిని పొలాలకు వంతులవారీగా పంచేందుకు అక్కడి ఊళ్లలో ‘చుర్‌పొన్’ అనే బాధ్యుడు ఉంటాడు. లద్దాఖీలో ‘చు’ అంటే నీరు, ‘పొన్’ అంటే అధికారి. తెలంగాణ పల్లెల్లో చెరువు తూము తెరిచి ఆయకట్టుకు నీరు వదిలే నీరటిని ఎరిగినవారికి ఈ పదవిని విడమరచి చెప్పనక్కర్లేదు. నీటిని ఉమ్మడి సొత్తుగా చూడటం, దాని కోసం ఇంటికొకరు పనికి రావడం తరతరాలుగా ఉన్న ఊరికి, చలికాలంలో పొలానికి అక్కర్లేని నీటిని పిల్లల ఆటకు మళ్లించడం కొత్త విద్య కాదు. ఇంజినీరు సోనమ్ వాంగ్‌చుక్ 2013 తర్వాత ప్రచారంలోకి తెచ్చిన ‘ఐస్ స్తూపాలు’ కూడా చలికాలపు నీటిని గడ్డగా నిల్వచేసే పద్ధతే. అక్కడ లక్ష్యం వసంతకాలపు సాగు, ఇక్కడ జనవరి నాటి ఆట.

సైనికుల బూట్ల నుంచి క్లబ్బుల దాకా

లద్దాఖ్‌కు ఈ ఆట సైనికుల ద్వారా వచ్చింది. 1970లలో లేహ్ ప్రాంతంలోని గడ్డకట్టిన చెరువులపై సైనికులు కాలక్షేపంగా ఆడుతుంటే స్థానిక కుర్రాళ్లు చూసి నేర్చుకున్నారు. సైనికుల పాత బూట్లకు ఇనుప పట్టీలు బిగించి స్కేట్లుగా వాడిన రోజుల గురించి ఆ తరం ఇప్పటికీ చెబుతుంది. లేహ్‌లోని కర్జూ చెరువు ఆ తొలి ఆటలకు వేదిక, ఈనాటికీ దానికి ఆ గౌరవం ఉంది. 1980లలో లద్దాఖ్ వింటర్ స్పోర్ట్స్ క్లబ్ ఏర్పడటంతో సరదా ఆట పోటీల ఆట అయింది. జాతీయ స్థాయిలో ఐస్ హాకీ అసోసియేషన్ ఆఫ్ ఇండియాకు అంతర్జాతీయ సమాఖ్యలో 1989 నుంచి సభ్యత్వం ఉంది. భారత పురుషుల జట్టు మాత్రం తొలి అంతర్జాతీయ టోర్నమెంటు ఆడటానికి 2009 వరకు, అబుదాబిలో జరిగిన ఆసియా ఛాలెంజ్ కప్ వరకు ఆగవలసి వచ్చింది.

కాగితంపై చూస్తే క్రమం సులభంగానే కనిపిస్తుంది. అంతర్జాతీయ సమాఖ్య, దాని కింద జాతీయ సంఘం, దాని కింద ప్రాంతీయ సంఘం, అట్టడుగున క్లబ్బు. లద్దాఖ్ పిల్లల విషయంలో ఈ నిచ్చెన తలకిందులుగా పనిచేస్తుంది. ఊరి చెరువు దగ్గర మొదలైన జట్టు సమీప గ్రామాల జట్లతో ఆడుతుంది. బాగా ఆడినవారు లేహ్‌కు వస్తారు. అక్కడ స్వయంపాలిత పర్వతాభివృద్ధి మండలి అధినేత పేరిట ఏటా జరిగే సీఈసీ కప్ ఉంది. ఇటీవలి ఏళ్లలో రాయల్ ఎన్‌ఫీల్డ్ తోడ్పాటుతో లీగ్ పోటీలూ నడుస్తున్నాయి. ఆపై జాతీయ ఛాంపియన్‌షిప్, ఖేలో ఇండియా క్రీడలు. లద్దాఖ్ స్కౌట్స్, సైన్యం, ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు (ఐటీబీపీ) జట్లు ఈ పోటీల్లో బలమైనవి.

ఐటీబీపీ, సైన్యం పేర్లు వచ్చిన చోట పిల్లల తల్లిదండ్రుల లెక్క కూడా అర్థం చేసుకోవాలి. పర్యాటకం, సేద్యం, పశుపోషణ, ప్రభుత్వ కొలువు తప్ప ఇతర జీవనాధారాలు తక్కువగా ఉన్న ప్రాంతంలో, క్రీడాకారుల కోటాలో దళంలో చేరడం స్థిరమైన జీతానికి దారి. ఐటీబీపీ మహిళల జట్టును కూడా ఏర్పాటు చేయడంతో ఆ దారి అమ్మాయిలకూ తెరుచుకుంది. ఆట మీద మక్కువ ఉన్నంత మాత్రాన ఏ తండ్రీ పదిహేనేళ్ల కూతురిని రెండు నెలలపాటు చెరువు దగ్గరకు పంపడు. ఆ వెనుక ఉద్యోగం కనిపించినప్పుడు అభ్యంతరాలు కాస్త మెత్తబడతాయి.

ఉమ్మడి పెట్టెలోని స్కేట్లు

సంఘం లేకుండా ఈ ఆటను ఒక కుటుంబం సొంతంగా కొనసాగించలేకపోవడానికి మరో కారణం సామగ్రి. క్రికెట్‌కు ఒక బ్యాటు, బంతి చాలు, మిగతావి ఇటుకలతో సరిపెట్టుకోవచ్చు. ఐస్ హాకీలో పక్ వేగంగా వచ్చి తగిలితే ఎముక విరుగుతుంది. తలకు జాలీ ఉన్న హెల్మెట్, మెడకు, భుజాలకు, మోచేతులకు, మోకాళ్లకు రక్షణ, మందపాటి చేతి తొడుగులు, దళసరి నిక్కరు, స్కేట్లు, కర్ర తప్పనిసరి. గోల్‌కీపర్ సామగ్రి వీటికంటే వేరు, వీటికంటే ఖరీదు. ఇందులో చాలా భాగం విదేశాల నుంచి రావలసిందే. పైగా ఎదిగే పిల్లల పాదం ఏడాదికేడాది పెరుగుతుంది. నిరుడు సరిపోయిన స్కేట్ ఈ ఏడు వేళ్లను నొక్కేస్తుంది.

అందుకే ఊరి క్లబ్బులో స్కేట్లు ఉమ్మడి ఆస్తి. పెద్దవాడు విడిచినవి చిన్నవాడికి, ఒక జట్టు ఆట ముగిశాక అవే స్కేట్లు తర్వాతి జట్టుకు. కెనడా, అమెరికాల నుంచి వచ్చిన శిక్షకులు, స్వచ్ఛంద సంస్థలు పాత సామగ్రిని సేకరించి తెచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన కెనడా క్రీడాకారిణి హేలీ వికెన్‌హైజర్ 2018 జనవరిలో లద్దాఖ్‌కు వచ్చి పిల్లలకు శిక్షణ ఇచ్చారు. విరాళంగా వచ్చిన సామగ్రితో ఒక ఇబ్బంది ఉంటుంది. పంపినవారి ఇంట్లో ఏ కొలత మిగిలిందో అదే వస్తుంది. ఎనిమిదేళ్ల పిల్లలు ఎక్కువమంది ఉన్న ఊరికి పెద్దవారి స్కేట్లు చేరితే లోపల రెండు జతల మేజోళ్లు తొడిగి సర్దుకోవాలి. మడమ వదులైన స్కేట్‌తో నేర్చుకున్న తప్పుడు భంగిమను తర్వాత సరిదిద్దడం శిక్షకులకు పెద్ద పని.

గడ్డపై అమ్మాయిల వంతు

చెరువు ఒకటే ఉన్నప్పుడు ఎవరు ఎప్పుడు ఆడాలన్నది సంఘం తీసుకునే అతి ముఖ్యమైన నిర్ణయం. గడ్డ గట్టిగా ఉండే వేళలు కొన్నే. మధ్యాహ్నం ఎండకు పైపొర మెత్తబడుతుంది. చాలాకాలం మంచి వేళలన్నీ పురుషుల జట్లకే దక్కాయి. అమ్మాయిలు మిగిలిన సమయంలో, మిగిలిన సామగ్రితో ఆడవలసి వచ్చింది. లద్దాఖ్ యువతులు తమకంటూ ఒక సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. లద్దాఖ్ మహిళా ఐస్ హాకీ ఫౌండేషన్ పేరుతో నడుస్తున్న ఆ సంఘంలోని క్రీడాకారిణులు చలికాలంలో మారుమూల గ్రామాలకు వెళ్లి చిన్నపిల్లలకు, ముఖ్యంగా బాలికలకు, శిక్షణ శిబిరాలు నిర్వహిస్తూ వచ్చారు. చాంగ్‌థాంగ్ ప్రాంతంలోని చిబ్రా కర్గ్యామ్‌లో 2018లో వారు 4,300 మీటర్లకు పైబడిన ఎత్తున ఆడిన ఆట గిన్నిస్ గుర్తింపు పొందింది. రికార్డు సంగతి అలా ఉంచితే, ఆ ఊరిలో ఒక రింక్ తయారుకావడం, అక్కడి పిల్లలు స్కేట్లు తొడగడం ఎక్కువ విలువైన ఫలితం.

భారత మహిళల జట్టు ప్రస్థానం ఈ నేపథ్యంలోనే చూడాలి. 2016లో తైపీలో తొలిసారి అంతర్జాతీయ బరిలోకి దిగిన ఆ జట్టు, ప్రయాణ ఖర్చుల కోసం ప్రజల నుంచి విరాళాలు సేకరించుకున్న దశను దాటి, 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌పై 4-3తో తొలి విజయం సాధించింది. అప్పట్లో దేశంలో ఏడాది పొడవునా గడ్డ లభించే పూర్తి పరిమాణపు రింక్ అందుబాటులో లేదు. గురుగ్రామ్‌లోని ఒక మాల్‌లో ఉన్న చిన్న స్కేటింగ్ స్థలంలోనూ సాధన చేయవలసి వచ్చింది. ఆ తరువాత ఎనిమిదేళ్లకు అల్ ఐన్‌లో కాంస్యం వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ కూడా ఇదే బాటలో నడిచి, 2022లో కాజాలో మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్‌కు ఆతిథ్యం ఇచ్చింది.

చిన్నపిల్లలకు చిన్న గడ్డ

పిల్లల ఐస్ హాకీ అనగానే ప్రపంచం చూసేది కెనడా వైపు. అక్కడ ‘మైనర్ హాకీ అసోసియేషన్’ అంటే ఒక పేట లేదా పట్టణానికి చెందిన సంఘం. తల్లిదండ్రులు రుసుము కడతారు, వారిలోనే కొందరు శిక్షకులు, కార్యదర్శులు, స్కోరు రాసేవారు అవుతారు. జీతాలు తీసుకునేవారు తక్కువ. ఎడ్మంటన్ నగరంలో 1917 నుంచి ‘కమ్యూనిటీ లీగ్’ పేరుతో పేట సంఘాలు ఉన్నాయి. పేట పిల్లల కోసం ఆరుబయట రింక్ వేయడం ఆ సంఘాలు చేసే ముఖ్యమైన పనుల్లో ఒకటి. చలి రాత్రి గొట్టం పట్టుకుని నీరు చల్లే స్వచ్ఛంద కార్యకర్త అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. టొరంటో, ఎడ్మంటన్, కాల్గరీ వంటి నగరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ సంఘాలు తెలియనివి కావు. బిడ్డను హాకీలో చేర్పిస్తే వారాంతాలన్నీ రింక్ దగ్గరే గడుస్తాయన్నది అక్కడ అందరికీ అనుభవమైన విషయం. ఆ రుసుములు, ప్రయాణ ఖర్చులు పెరిగిపోయి సామాన్య కుటుంబాలకు ఆట దూరమవుతోందన్న ఆందోళన కెనడాలో చాలాకాలంగా ఉంది. లద్దాఖ్‌లో ఆ సమస్య రుసుము రూపంలో లేదు, గడ్డ రూపంలో ఉంది.

కెనడా నుంచి లద్దాఖ్ నేర్చుకోదగినది స్టేడియాల హంగు కంటే చిన్నపిల్లల ఆటపై అక్కడ జరిగిన పునరాలోచన. ఏడేళ్లలోపు పిల్లలను పూర్తి పరిమాణపు రింక్‌పై ఆడించరాదని, దాన్ని అడ్డంగా విభజించి చిన్న భాగాల్లోనే ఆడించాలని హాకీ కెనడా 2017-18 నుంచి నియమం పెట్టింది. కారణం సరళం. పెద్ద రింక్‌పై చిన్న పిల్లవాడు ఎక్కువ సమయం పక్ వెంట పరుగెత్తడంలోనే గడుపుతాడు. చిన్న స్థలంలో అయితే పక్ అతని కర్రకు ఎక్కువసార్లు తగులుతుంది, మలుపులు తిరగడం, ఆగడం, అందించడం త్వరగా వస్తాయి. అంతకు ముందే, 2013లో, పదమూడేళ్లలోపు స్థాయిలో ప్రత్యర్థిని శరీరంతో ఢీకొట్టడాన్ని అక్కడ నిషేధించారు.

లద్దాఖ్ విధానకర్తలు గమనించవలసిన విషయం ఇందులో ఉంది. 60 మీటర్ల రింక్ జాతీయ జట్టుకు అవసరం. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఊరి పక్కన అందులో మూడో వంతు గడ్డ చాలు, నీరు కూడా అందులో మూడో వంతే పడుతుంది. ఇంతకాలం ‘ప్రమాణాలకు తగని’ చెరువులుగా చూసినవే బాలల ఆటకు తగిన కొలత అని తేలింది. కాబట్టి లేహ్‌లో ఒక్క పెద్ద నిర్మాణానికి వెచ్చించే సొమ్ములో చిన్న భాగంతో ద్రాస్, జన్స్కార్, నుబ్రా, చాంగ్‌థాంగ్ ఊళ్లలో గట్లు, చెక్క పలకల అడ్డుగోడలు, పంపులు, పిల్లల కొలతల స్కేట్లు సమకూర్చడం మరింత ఫలితం ఇచ్చే పెట్టుబడి అవుతుంది. ద్రాస్ పిల్లవాడిని రోజూ లేహ్‌కు తీసుకురావడం కుదరదు. శీతాకాలంలో ఆ దారులు ఎలా ఉంటాయో తెలిసినవారెవరూ ఆ మాట అనరు.

రోజులు తగ్గుతున్న చలికాలం

ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరం వాతావరణమే. సహజమైన గడ్డను నమ్ముకున్న ఆటకు మహా అయితే రెండు నెలల కాలం ఉంటుంది. అందులో ఒక వారం వెచ్చగా గడిస్తే జట్టు సాధన ఎనిమిదో వంతు పోయినట్టే. సిమ్లా అనుభవం కళ్లముందే ఉంది. అక్కడ 1920లో మొదలైన బహిరంగ స్కేటింగ్ రింక్ దేశంలో ఈ క్రీడలకు పుట్టిల్లు వంటిది. సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న ఆ పట్టణంలో గడ్డకట్టే రాత్రులు తగ్గి, స్కేటింగ్ జరిగే రోజులు క్రమంగా పడిపోయాయి. 2025 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల రెండో విడత తగినంత హిమపాతం లేక మార్చికి వాయిదా పడింది. లద్దాఖ్ ఎత్తు దాన్ని ఇంకా కాపాడుతోంది. అయితే సిమ్లా ఒకప్పుడు ఉన్న స్థితి లేహ్‌కు ఎన్నటికీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అందువల్ల కృత్రిమ శీతలీకరణ రింక్‌లు కావాలన్న క్రీడాకారుల కోరిక న్యాయమైనదే. ఏడాదిలో రెండు నెలలు మాత్రమే ఆడేవారు పది నెలలు ఆడే దేశాలతో పోటీపడటం ఒంటికాలిపై పరుగు. కాని శీతల యంత్రాలకు విద్యుత్తు, నిపుణులు, నిత్య నిర్వహణ కావాలి. 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం దెహ్రాదూన్‌లో కట్టిన పూర్తి పరిమాణపు రింక్ ఇందుకు చేదు ఉదాహరణ. క్రీడలు ముగిశాక నిర్వహణ భారం మోయలేక అది ఏళ్ల తరబడి మూతబడి ఉంది, 2025లో గాని మళ్లీ పూర్తిస్థాయిలో వాడుకలోకి రాలేదు. యంత్రం ఆగిపోతే అక్కడ గడ్డ లేదు, ఆట లేదు, పక్కనే నీరు మళ్లించుకునే చుర్‌పొన్ కూడా లేడు.

ఈ రెండింటి మధ్య పోటీ పెట్టనవసరం లేదు. పెద్ద రింక్ జాతీయ జట్టు, పదహారేళ్లు దాటిన యువత సాధన కోసం. ఊరి చెరువు చిన్నపిల్లల తొలి అడుగుల కోసం. మొదటిది ప్రభుత్వమే నడపాలి. రెండోదాన్ని సంఘాలకు వదిలి, వారికి కావలసిన సామగ్రి, శిక్షకులకు గౌరవ భృతి, ప్రమాదం జరిగితే బీమా కల్పించాలి. ప్రస్తుతం పొగడ్తలు సంఘాలకు దక్కుతున్నాయి, నిధుల చర్చ మాత్రం స్టేడియాల చుట్టూ తిరుగుతోంది.

గడ్డ లేని ప్రాంతాలకూ ఈ క్రీడల్లో చోటు లేకపోలేదు. విశాఖపట్నం, హైదరాబాద్ వంటి నగరాల్లో చక్రాల స్కేటింగ్ నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. సమతౌల్యం, మలుపులో శరీరాన్ని వంచే తీరు రెండింటికీ దగ్గరే. తెలంగాణకు చెందిన తల్లూరి నయనశ్రీ 2025లో లేహ్‌లో జరిగిన ఖేలో ఇండియా క్రీడల్లో షార్ట్ ట్రాక్ స్పీడ్ స్కేటింగ్‌లో స్వర్ణం గెలిచారు. లద్దాఖ్ పిల్లలు సైతం వేసవిలో తారురోడ్లపై చక్రాల స్కేట్లతో సాధన చేస్తుంటారు. హాకీ జట్టుకు కావలసిన సంఖ్యలో పిల్లలను, సామగ్రిని, గడ్డపై గడిపే రోజులను ఒకచోట చేర్చడం మాత్రం ఒక్కరి పతకం కంటే చాలా కష్టం.

ఫిబ్రవరి రెండో పక్షం వచ్చేసరికి లేహ్ చెరువుల అంచులు మెత్తబడటం మొదలవుతుంది. పోటీల చివరి ఆటలను ఉదయాన్నే, ఎండ పొడ తగలకముందే ముగిస్తారు. మార్చిలో బడులు తెరుచుకుంటాయి, కరిగిన నీరు మళ్లీ కాలువల్లోకి చేరుతుంది. స్కేట్ల అంచులు తుడిచి, నూనె రాసి, కొలతలవారీగా పెట్టెల్లో సర్దే పని అప్పటికింకా మిగిలే ఉంటుంది. ఏ కొలతవి తక్కువ పడ్డాయో రాసిపెట్టుకుంటేనే వచ్చే డిసెంబరులోగా తెప్పించుకునే వీలుంటుంది.